పాముకు పరిచిన పక్క

గాజుపెట్టె మూత ఎత్తి చూస్తే, నిన్న సాయంత్రం పెట్టిన చచ్చిన ఎలుక పెట్టినచోటే, పెట్టిన తీరునే ఉంది. కాస్త పక్కకు జరిగి ఉన్నా ఆశ ఉండేది. అతను పట్టకారుతో దాని తోక పట్టుకొని చెత్తసంచిలో పడేశాడు. మూలన చుట్టచుట్టుకున్న పాము వంక చూసి పళ్ళు కొరికాడు.

“తినకు. నాకేం పోయింది? చావు,” అన్నాడు.

పాము నాలుక ఒక్కసారి బయటకు చాపి లోపలికి లాక్కుంది. అతనికది వెక్కిరింతగానే తోచింది.

పామును రెండు చేతులా ఎత్తి బకెట్లో దించి, పైన పళ్ళెం మూసి, దాని కింది తువ్వాలు బయటకు లాగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. అయినా సబ్బునీళ్ళలో ముంచి, పిండి, తీగ మీద ఆరేశాడు. పెట్టె అద్దాలు లోపలా బయటా తుడిచాడు. దాక్కోవడానికని అక్క పెట్టిన కుండపెంకును కూడా మరిగే నీళ్ళతో కడిగాడు. ఆ తర్వాత ఉతికి ఇస్త్రీ చేసి ఉంచిన ఇంకో తువ్వాలు తెచ్చి, అంచుకు అంచు కలిసేలా మడిచి అడుగున పరిచాడు. పైన ఒకసారి అరచేత్తో నిమిరితే గానీ తృప్తి కలగలేదు. అక్క ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే ఇదే పని.

ఆమె ఉన్నప్పుడు ఆ పెట్టె ఎలా ఉండేదో తలచుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పాత పేలికలు, చింపిన అట్టముక్కలు, ఎప్పుడో విడిచిన కుబుసం తునకలు. ఆమె ఆసుపత్రికి వెళ్ళిన మర్నాడే అవన్నీ ఊడ్చి పారేశాడు. ఆ కంపులో పెట్టింది పెట్టినట్టు మింగిన పాము ఇంత శుభ్రంలో ముట్టడం లేదు. తన మీద పగబట్టిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

పనిచేసే లాండ్రీలో అతన్ని అందరూ ముడత అంటారు. అసలు పేరు యజమానికి కూడా గుర్తుందో లేదో. ఎదుటి మనిషి మొహం కంటే ముందు చొక్కా కాలరు చూసే రకం. బక్కపలచటి మనిషి. ఏళ్ళ తరబడి ఆవిరి తగిలి ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. ఇస్త్రీపెట్టె కాగిందో లేదో మిగతావాళ్ళు నీళ్ళు చిలకరించి చూస్తే, అతను బొటనవేలు ఆనించి చూస్తాడు. నీతో ఇక నావల్ల కాదని పెళ్ళాం వెళ్ళిపోయిన రోజున, ఆమె పెట్టెలో కుక్కుకున్న బట్టలు చూసి ఉండబట్టలేక, అన్నీ బయటకు తీసి ఒక్కొక్కటే మడతపెట్టి సర్ది ఇచ్చాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఆ తతంగమంతా అయ్యేదాకా చూసి, పెట్టె అందుకొని, మాట్లాడకుండా పోయింది. తాను మంచే చేశాననుకున్నాడు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు.

ఆ తర్వాత అక్క పంచన చేరాడు. రెండు గదులు, ఒక వంటమూల. అక్క బస్సు కండక్టరు. ఉద్యోగమంతా “ముందుకు జరగండి, ముందుకు” అని అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అందించమనాలన్నా అదే గొంతు. ఇద్దరికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. గిట్టకుండానే ఒకే కప్పు కింద ఏళ్ళకేళ్ళు గడిపేశారు.

పాము ఆమెకు బస్సులోనే దొరికింది. ఎవరో సీటు కింద మరిచిపోయిన డబ్బాలో చిటికెనవేలంత పిల్ల. విషం లేని జాతి. అడగడానికి ఎవరూ రాకపోతే, తన బూడిదరంగు కండక్టరు స్వెట్టరు చేతిలోకి దూర్చుకొని ఇంటికి తెచ్చింది. ఇప్పుడది మణికట్టంత లావు. సాయంత్రాలు ఆమె టీవీ ముందు కూర్చుంటే, పాము ఆ స్వెట్టరు ఎడమ చేతిలోకి దూరి మోచేతి దగ్గర పడుకునేది. ఆ స్వెట్టరు జేబు టిక్కెట్ల మిషను బరువుకు సాగిపోయింది. పై గుండీ దారానికి వేలాడుతూ ఉంటుంది. ఒక్కసారి ఉతకడానికివ్వమని అతను, ఇచ్చేది లేదని ఆమె. ఆ ఇంట్లో సగం పోట్లాటలు దాని గురించే. మిగతా సగం పాము గురించి. పామును అతను తాడు అనేవాడు. “ఏదో ఒకరోజు నీ తాడును తీసుకెళ్ళి కాలవలో పారేస్తాను,” అని అతను అరవని వారం లేదు. వీధి వీధంతా వింది ఆ మాట.

అందుకే ఇప్పుడు అతని ప్రాణం మీదికి వచ్చింది. ఊపిరితిత్తులు చెడి అక్క మంచమెక్కింది. పాము తనంతట తాను తినడం మానేసిందంటే ఎవరు నమ్ముతారు? అక్కయితే పస్తు పెట్టి చంపుతున్నావని మొహం మీదే అనేసింది. అది చస్తే అతనికేమీ బాధ లేదు; తన చేతుల్లో మాత్రం చావకూడదు. అది ఎలుకను మింగాలి, తాను అక్క ముందు నిలబడి “ఇప్పుడేమంటావ్?” అనాలి. ఆ ఒక్క మాట కోసం, ప్రేమ ఉన్నవాళ్ళు కూడా చెయ్యనంత చాకిరీ చేస్తున్నాడు.

ఆ పొద్దున పాము వీపు మీద వెన్నుపూస గీత గీసినట్టు పైకి తేలి కనిపించింది. అతను పామును ఒక దిండు గలీబులో వేసి మూతి కట్టాడు. ఆ గలీబూ ఇస్త్రీ చేసిందే. దాన్ని భోజనం సంచిలో పెట్టుకొని పనికి బయలుదేరాడు. పెంపుడు పాములకు ఎలుకలమ్మే కొట్టులో దాన్ని చూపించాలి; ఆ కొట్టు లాండ్రీకి పక్క వీధిలోనే ఉంది, కానీ అతను పని దిగేసరికి మూసేస్తారు. మధ్యాహ్నం విరామంలోనే వెళ్ళాలి.

లాండ్రీ వెనక గది ఎప్పుడూ చెమట పట్టినట్టే ఉంటుంది. గోడల మీద తేమ, పైన గొట్టాల్లో బుసబుసమనే ఆవిరి, వరుసగా వేలాడే ఎవరెవరివో చొక్కాలు. అతను సంచిని తన బల్ల పక్కన కొక్కేనికి తగిలించి పని మొదలుపెట్టాడు. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, ఆఖర్న ముందు రెండు పక్కలు. ఈ వరుస తప్పి ఒక్క చొక్కా కూడా అతని చేతిలోంచి పోలేదు. ఎదురుబల్ల దగ్గర మరకలు తీసే ఆవిడ బ్రష్షుతో ఏదో రుద్దుతూ ఉండుండి తలెత్తింది.

“ముడతా, నీ భోజనం కదులుతోంది.”

“కదిలితే నీకేం?”

“తాడును తెచ్చావా? చంపడానికి ఇల్లు చాలలేదా?” ఆవిడ బ్రష్షు కింద పెట్టింది. “ఎందుకయ్యా దాన్ని అలా మాడ్చి మాడ్చి చంపడం? ఒకేసారి గొంతు పిసికెయ్యరాదూ, దానికీ నీకూ సుఖం.”

“నేను పెడుతూనే ఉన్నాను. అదే తినటం లేదు.”

“మీ ఆవిడా అంతే కదూ పాపం, తనే వెళ్ళిపోయింది!”

గది గదంతా నవ్వింది. అతను చొక్కా మీద పెట్టె ఎంత గట్టిగా అదిమాడంటే గుండీ ఒకటి పుటుక్కున పగిలింది. ఆ శబ్దానికి యజమాని లోపలికి తొంగి చూశాడు. సంచిలో ఏముందో తెలిసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“గిరాకీవాళ్ళు చూస్తే కొట్టు మూసుకోవాలి. దాన్ని తీసుకుపోయి ఎక్కడైనా పారెయ్,” అన్నాడు.

“మధ్యాహ్నం దాకా ఊరుకోండి.”

“పారేస్తానని నువ్వే అనేవాడివి కదా ఎప్పుడూ?”

అతను పగిలిన గుండీ తీసేసి, అలాంటిదే వెతికి కుట్టాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ళ మీదా కోపమొచ్చింది. అందరికంటే ఎక్కువ కోపం కొక్కేనికి వేలాడుతున్న దాని మీద.

ఎలుకల కొట్టు నడిపేది దిట్టమైన మనిషి, ముక్కుసూటి మనిషి. ఆమె భుజం మీద పిట్టరెట్ట మరక ఎండిపోయి ఉంది. ఆమె పామును గలీబులోంచి తీసి, తిప్పి చూసి, నోరు తెరిచి చూసి, ఒక్కొక్కటే అడుగుతుంటే అతను ఆ మరక వైపే చూస్తూ జవాబు చెప్పాడు. ఎలుక మీ దగ్గర కొన్నదే. వేడినీళ్ళలో వెచ్చబెట్టి, పట్టకారుతో ఆడించి మరీ చూపిస్తున్నాను. పెట్టెలో బల్బు ఆర్పడం లేదు.

“చేత్తో మాటిమాటికీ తీస్తున్నారా?”

“నాకేం సరదా? పొద్దున ఒక్కసారి, పక్క మార్చేటప్పుడు.”

“పక్క మార్చడమేమిటి?”

ఇన్నాళ్ళకు తన కష్టం చెప్పుకోవడానికి ఒకరు దొరికారనిపించింది అతనికి. “రోజూ తువ్వాలు మారుస్తాను. సబ్బుతో ఉతికి, ఇస్త్రీ చేసి వేస్తాను. పెట్టె మొత్తం కడుగుతాను. ఇదివరకు రోత రోతగా ఉండేది.”

ఆమె కళ్ళజోడు తీసి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“ఇస్త్రీ చేసా?”

“మరి?”

“అయ్యా, మీరు మనిషేనా?” అంది. “పాముకు చూపు అంతంతమాత్రం. అది నాలుకతో వాసన పట్టుకుంటుంది. తన వాసన ఉన్నచోటే తన ఇల్లనుకుంటుంది. మీరు రోజూ పొద్దున్నే దాని ఇల్లు పీకి, సబ్బు కంపు కొట్టే కొత్తచోట పడేస్తున్నారు. అది భయంతో చస్తుంటే ఎలుకేం తింటుంది?”

“మురికిలో ఉంచమంటారా?”

“ఎక్కడ పాడుచేస్తే అక్కడే తుడవండి. మిగతాది ముట్టుకోకండి. మీ చేతులు రెండూ కాస్త జేబుల్లో పెట్టుకోండి, బతుకుతుంది.” పామును మళ్ళీ గలీబులోకి దించింది. “దాని వాసన ఉన్న గుడ్డేదైనా వెంటనే లోపల వెయ్యండి. మీ ఇంట్లో ఉతక్కుండా మిగిలింది ఏదో ఒకటి ఉంటుందిగా?”

అతను నిలబడి ఆలోచించాడు. పేలికలు పారేశాడు. అట్టముక్కలు పారేశాడు. అక్క దుప్పట్లు, దిండ్లు, ఆమె కుర్చీ మీది గుడ్డతో సహా ఆమె లేని అదను చూసి ఉతికేశాడు. ఎన్నాళ్ళనుంచో చెయ్యాలనుకున్న పని అది. చేసినప్పుడు ఎంత హాయిగా ఉందో అతనికి గుర్తుంది. ఇంట్లో ఎక్కడా పాము వాసన లేదు, అక్క వాసనా లేదు. మిగిలింది ఒక్కటే. అది ఆమె ఒంటి మీదే ఉంది.

మధ్యాహ్నం తర్వాత ఎన్ని చొక్కాలు చేశాడో అతనికి తెలియదు. ఎవరేమన్నారో వినలేదు. జీవితంలో తనకు చేతనైంది ఒక్క పని. ఆ పనే చేసి ఒక ప్రాణిని మాడ్చాడు. పని దిగగానే సంచి భుజాన వేసుకొని నేరుగా ఆసుపత్రికి నడిచాడు.

అక్క గోడవైపు మంచం మీద దిండ్లకు చేరగిలబడి ఉంది. ముక్కుకు గొట్టం. ఒంటి మీద ఆసుపత్రి బట్టలు, వాటిపైన ఆ బూడిదరంగు స్వెట్టరు. మనిషి తగ్గేకొద్దీ స్వెట్టరు పెద్దదైనట్టు కనిపిస్తోంది. దుప్పటి అంచు మడతపడి ఉంటే అతని చెయ్యి దానంతట అదే వెళ్ళింది. ఆమె ఆ చెయ్యిని ఫట్మని కొట్టింది.

“తిందా?”

“లేదు.”

“మరెందుకొచ్చావ్?”

అతను అటూ ఇటూ చూసి, సంచిలోంచి గలీబు తీసి దుప్పటి కింద ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె వేళ్ళు గుడ్డ మీదనుంచే తడుముకుంటూ పోయి ఆగాయి. మొహం మారిపోయింది.

“ఎముకలు తగులుతున్నాయిరా.” ఊపిరి అందక ఆగింది. “నువ్వు చంపుతావని... తెలిసే నీకప్పజెప్పాను. ఇంకెవరున్నారు నాకు?”

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. తిట్టయితే తిప్పికొట్టేవాడు. మంచం కోళ్ళవైపు చూస్తూ, జరిగిందంతా చెప్పేశాడు. తువ్వాలు, సబ్బు, ఇస్త్రీ, కుండపెంకు. కొట్టావిడ మీరు మనిషేనా అనడం కూడా దాచలేదు.

అక్క కాసేపు అతని వంక గుడ్లప్పగించి చూసింది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమోనని అతను కంగారుపడ్డాడు. నవ్వుతోంది.

“ఇస్త్రీ... చేశావా? పాముకు? పక్క?”

“నవ్వకు. దగ్గొస్తుంది.”

“గంజి కూడా పెట్టావా?”

“ఒకసారి పెట్టాను,” అన్నాడు.

ఆమె ఇక ఆగలేకపోయింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆమె అలా నవ్వగా అతను చిన్నప్పుడు చూశాడేమో. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఇంకేదో కూడా ఉంది. ఈవిడ ఇలాగే ఇంకాసేపు నవ్వితే బావుణ్ణు అనిపించింది.

“స్వెట్టరివ్వు,” అన్నాడు.

ఆమె రెండు చేతులూ రొమ్ముకు అడ్డం పెట్టుకుంది. “చచ్చినా ఇవ్వను. ఉతుకుతావ్.”

“ఉతకను. దాని వాసన ఇందులోనే ఉంది. ఇంకెక్కడా లేదు.”

“ఇస్త్రీ చేస్తావ్.”

“చెయ్యనంటే చెయ్యను. నీమీదొట్టు.”

“నామీద వద్దు. నేనెలాగూ పోయేదాన్నే.” ఊపిరి తీసుకుంది. “నీ ఇస్త్రీపెట్టె మీద వెయ్యి ఒట్టు.”

అతను వేశాడు. ఆమె ఒక చెయ్యి బయటకు లాక్కుంది, రెండోది అతను లాగాడు. ఆ చెయ్యి అతని చేతిలో ఏమీ లేనట్టుంది. స్వెట్టరు తీశాక ఆమె ఒక్కసారి వణికి, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. అతను ఆగాడు.

“చలిగా ఉంటే ఉంచుకో. రేపు తీసుకెళ్తాను.”

“రేపటికి అదుంటుందా? ఫో. తింటే ఫోన్ చెయ్యి. తినకపోతే నీ మొహం చూపించకు.”

దగ్గు విని వచ్చిన నర్సు అతన్ని బయటకు తరిమింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే అక్క కళ్ళు మూసుకొని ఇంకా లోలోపల నవ్వుకుంటోంది.

వీధిలో నడుస్తూ స్వెట్టరును చంకలో పెట్టుకున్నాడు. చెమట, మందులు, డీజిలు, ఎండిపోయిన ఆకులాంటి పాము వాసన. ఒకప్పుడైతే ముక్కు మూసుకునేవాడు. వేలాడే గుండీ నడకకు ఊగుతోంది. ఒక్క నిమిషం కూర్చుంటే కుట్టెయ్యొచ్చు. చేతిని బలవంతాన జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి తువ్వాలు తీసి అవతల పడేశాడు. స్వెట్టరును మడతపెట్టబోయి, నాలుక కరుచుకొని, గాజుపెట్టెలోకి విసిరేశాడు. అది కుప్పగా పడింది. చూస్తుంటే కళ్ళు మండాయి. మరికాస్త నలిపాడు. గలీబు మూతి విప్పి పామును వదిలి, గదిలో దీపం ఆర్పేసి, పెట్టెలో బల్బు మాత్రం ఉంచి, దూరంగా అక్క కుర్చీలో కూర్చున్నాడు.

పాము కదల్లేదు. తర్వాత నాలుక చాపింది. మళ్ళీ చాపింది. ఉన్ని మీద తల ఆనించి, ఒక్కో అంగుళమూ తడిమి చూసుకుంటూ వెళ్ళి, ఎడమ చెయ్యి దొరకగానే అందులోకి జారిపోయింది. ఆఖర్న తోక కూడా లోపలికి పోయింది. కాసేపటికి ముంజేతి అంచులోంచి ముక్కు మాత్రం బయటపెట్టి ఆగింది.

అతను చప్పుడు చెయ్యకుండా లేచి, ఫ్రిజ్‌లో దాచిన ఎలుకొకదాన్ని వేడినీళ్ళలో వెచ్చబెట్టి, పట్టకారుతో పట్టుకొని అక్కడికి దించాడు. ఏం జరిగిందో కంటికి ఆనలేదు. పట్టకారు గుంజుకుపోయింది, స్వెట్టరు చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది, ఎలుక లేదు.

“తిన్నావూ? తిన్నావా దొంగపీనుగా!” అని అరిచాడు. గోడకవతల ఎవరో ఏమిటా గోల అన్నారు. “తింది! నేను చంపలేదు! తింది!” అని గోడకు కూడా చెప్పాడు.

ఫోను అందుకునేలోపు అక్కతో అనాల్సిన మాట నోట్లో రెండుసార్లు తిప్పుకున్నాడు. వార్డు నెంబరు నొక్కి, మంచం నెంబరు చెప్పాడు.

“మీరు తమ్ముడుగారా?” అంది నర్సు. “మేమే చేద్దామనుకుంటున్నాం. ఇందాకే... నిద్రలోనే పోయారండి.”

అతను ఫోను చెవికి ఆనించుకొని గాజుపెట్టె వైపు తిరిగాడు. పెట్టెలో ఉన్ని చెయ్యి మెల్లగా ఉబ్బుతోంది, తగ్గుతోంది.

“చలేసిందన్నదా?” అన్నాడు.

“లేదండి. ఇంకో దుప్పటి కప్పాం. నవ్వుకుంటూనే ఉన్నారు. ఎందుకని అడిగితే, మా తమ్ముడు పాముకు పక్క ఇస్త్రీ చేశాడన్నారు. మాకు అర్థం కాలేదు.” ఆమె ఆగి, “ఒక జత బట్టలు తీసుకురండి,” అంది.

“తిందని చెప్పండి,” అన్నాడు అతను.

“ఎవరండీ?”

అతను ఫోను పెట్టేశాడు. ఇప్పుడేమంటావ్ అనడానికి మనిషి లేదు. తిట్టడానికి లేదు, చెయ్యి మీద కొట్టడానికి లేదు. బీరువా తెరిచి, ఉన్నవాటిలో మంచి కండక్టరు యూనిఫాం జత ఒకటి తీశాడు. బతికినంతకాలం అక్క తన బట్టల మీద అతని పెట్టె ఆననివ్వలేదు. బల్ల మీద దుప్పటి పరిచి, పెట్టె కాగిందో లేదో బొటనవేలితో చూసి, ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, అన్నీ వరుస తప్పకుండా చేశాడు. వద్దనేవాళ్ళు లేని ఆ ఇంట్లో మొదటిసారి అతని కళ్ళు కారాయి. గుడ్డ మీద పడిన చుక్కలను పెట్టెతోనే ఆరబెట్టాడు. మడిచి సంచిలో పెట్టుకొని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

గాజుపెట్టెలో బల్బు కింద స్వెట్టరు విసిరేసిన తీరునే కుప్పగా పడి ఉంది, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఉబ్బి, ఊడీ ఊడని గుండీ దారానికి వేలాడుతూ.